ఆకు తిరగేసి చూశారా?

అందరికీ నమస్కారం. ఎండలో మిద్దె ఎక్కించానని ఏమనుకోకండి. మొక్కల రసం పీల్చే ఈ ఎర్రనల్లి వచ్చేదే ఎండల్లో. కింద ఫ్యాను కింద కూర్చుని మాట్లాడుకుంటే అది కనిపించదు.

ఇదిగో, ఈ బెండాకు చూడండి. పైన సన్న రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. చాలామంది బలం తగ్గిందనుకుని ఇంత యూరియా వేస్తారు. ఆకు లేతగా పెరుగుతుంది, నల్లికి విందు భోజనం! ఇప్పుడు ఆకును తెల్లకాగితం మీద తడుతున్నాను. దుమ్మే రాలింది కదా? ఒక్క క్షణం ఆగండి. ఆ దుమ్ములో రెండు మూడు నలుసులు నడుస్తున్నాయి, చూశారా? వేలితో రాస్తే ఎర్రటి చార. అదే ఎర్రనల్లి. సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది.

మంచంలో నల్లికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. మంచంలోది ఆరు కాళ్ల పురుగు. దీనికి ఎనిమిది కాళ్లు, సాలీడు బంధువు. ముదిరాక సాలీడులాగే ఆకుల మధ్య బూజు అల్లుతుంది.

కాళ్ల లెక్క ఎందుకంటే, నేను దెబ్బతిన్నది అక్కడే. ఒక ఏప్రిల్‌లో మా వంగ మొక్కలకు ఈ చుక్కలొస్తే, దుకాణానికెళ్లి "పురుగు మందివ్వండి" అన్నాను. సింథటిక్ పైరిత్రాయిడ్ అనే రకం పురుగుల మందిచ్చారు. కొట్టిన పది రోజులకు మొక్కల నిండా బూజే. నల్లిని తినే అక్షింతల పురుగులు చచ్చాయి, నల్లి మాత్రం దర్జాగా బతికింది. దుకాణదారుని ఏమనగలను? పురుగని అడిగింది నేనే.

30 డిగ్రీల వేడిలో గుడ్డు పిల్లయి, పిల్ల తల్లవడానికి వారం పది రోజులు చాలు. ఒక్కో ఆడది వంద దాకా గుడ్లు పెట్టగలదు. మగ తోడు లేకున్నా పెడుతుంది, అప్పుడు వాటిలోంచి మగవే వస్తాయి.

మరి ఏం చేయాలి? బాగా పాడైన ఆకులు తుంచి కవర్లో కట్టి పారేయండి. మొక్కల మధ్య వదలొద్దు. పొద్దున్నే పైపుతో ఆకు అడుగుకు గట్టిగా నీళ్లు కొట్టండి, మూడు రోజులకోసారి. నా మిద్దె మీద సగం పని దీంతోనే అయిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. గుడ్లు మిగిలే ఉంటాయి కాబట్టి వారంలోపు మళ్లీ కొట్టాలి.

అప్పటికీ లొంగకపోతే నీటిలో కరిగే గంధకం, లీటరుకు 3 గ్రాములు. కానీ మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు. దోస జాతి పాదుల మీద ముందు ఒక ఆకుకు కొట్టి చూడండి. పాత పుస్తకాల్లో నల్లికి డైకోఫాల్ అనే మందు రాసుంటుంది. దాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రమాదకర రసాయనాలపై దేశాలు చేసుకున్నది) నిషేధ జాబితాలో చేర్చారు. ఇంట్లో పాత సీసా ఉంటే దాని జోలికి పోకండి.

ఇక మాటలు చాలు. ఆ మూల గులాబీ కుండీలున్నాయి, నేనింకా చూడలేదు. కాగితం ఎవరి దగ్గరుంది?