ఒక్క మిలియన్ డాలర్ల ఆటగాడు మన టీమ్‌కి పనికొస్తాడా? చవక ఫ్రీ ఏజెంట్ల రివ్యూ

నమస్తే అండీ. ఫాంటసీ బేస్‌బాల్‌లో, అంటే నిజమైన ఆటగాళ్ల అంకెల మీద మనం టీమ్‌లు కట్టి ఆడుకునే ఆటలో, వేలం వేసుకునే లీగుల్లో మామూలుగా 260 డాలర్ల బడ్జెట్, 23 మంది ఆటగాళ్లు. పేరున్న నలుగురైదుగుర్ని పాడుకునేసరికే సగం డబ్బు ఆవిరి. చివర్లో ఒక డాలర్, రెండు డాలర్లు పెట్టి ఎవరో ఒకర్ని తెచ్చుకుంటాం. చాలామంది ఆ టైముకి అలిసిపోయి, విన్న పేరు ఏది కనబడితే అది అనేస్తారు. నాకు మాత్రం అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

అందుకే ఇవాళ రివ్యూకి తీసుకున్నది 2024 సీజన్‌కి ముందు మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) టీమ్‌లు చవగ్గా తెచ్చుకున్న ఫ్రీ ఏజెంట్లని, అంటే ఏ టీమ్‌తోనూ ఒప్పందం లేని ఆటగాళ్లని. పాత సీజన్ ఎందుకంటారా? ఫలితం తేలిపోయింది కాబట్టి ఎవర్నీ వెనకేసుకు రానక్కర్లేదు.

ముందు జూరిక్సన్ ప్రొఫార్. ఫిబ్రవరిలో శాన్ డియేగో పాడ్రెస్ ఇతన్ని ఏడాదికి ఒక మిలియన్ డాలర్లకు తీసుకుంది. ఆ ఏడాది లీగులో కనీస జీతమే 7,40,000 డాలర్లు. ఐపీఎల్ లెక్కలో బేస్ ప్రైస్‌కి పోయాడన్నమాట. అంతకుముందు ఏడాది కొలరాడోలో ఆడాడు. బంతి గాల్లో తేలిపోయే కూర్స్ ఫీల్డ్ సొంత గ్రౌండ్‌గా ఉండి కూడా రాణించలేదు, ఆగస్టులో వాళ్లే వదిలేశారు. ఆ సీజన్ మొత్తం మీద యావరేజ్ .242, అంటే బ్యాట్ పట్టిన వెయ్యిసార్లకి దాదాపు 242 హిట్లు. ఈ నంబర్లు చూసి ఎవరు పాడతారు చెప్పండి?

కానీ ఒక్కసారి పాడ్రెస్ వైపు చూడండి. 2023 డిసెంబరులో హువాన్ సోటోని, ట్రెంట్ గ్రిషమ్‌ని ఒకే డీల్‌లో యాంకీస్‌కి ఇచ్చేశారు. అంటే లెఫ్ట్ ఫీల్డ్ ఖాళీ, సెంటర్ ఫీల్డ్ ఖాళీ. మార్చి 20న సియోల్‌లో డాడ్జర్స్‌తో సీజన్ మొదలైతే, సెంటర్‌లో నిలబడింది జాక్సన్ మెరిల్, అప్పటిదాకా షార్ట్‌స్టాప్ (లోపలి వరస ఫీల్డర్) ఆడుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. టీమ్ అంత ఇరుకులో ఉంది. అలాంటిచోట లెఫ్ట్ ఫీల్డర్‌ని రెండు వారాలు కొట్టలేదని బెంచ్ మీద కూర్చోబెట్టరు, కూర్చోబెడితే ఆడేవాళ్లు లేరు. పైగా ప్రొఫార్‌కి బంతిని ఎంచుకునే కన్ను ఎప్పుడూ ఉంది. 2022లో 73 వాక్స్ (నాలుగు చెడు బంతులు వదిలి ఉచితంగా బేస్‌కి వెళ్లడం), 103 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం). ఈ రోజుల్లో అది బాగా మంచి లెక్క.

చివరికి ఏమైంది? .280 యావరేజ్, 24 హోమ్ రన్లు, 85 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన రన్లు), 94 రన్స్, 10 స్టీల్స్ (పరుగెత్తి బేస్ కొట్టేయడం), ఆ ఏటి మేటి ఆటగాళ్ల ఆల్ స్టార్ జట్టులో చోటు. 24 హోమ్ రన్లు వస్తాయని మార్చిలో ఎవరైనా ఊహించానంటే నేను నమ్మను. కానీ రోజూ ఆడతాడని మాత్రం మార్చిలోనే తెలుసు. ఒక డాలర్‌కి అంతకంటే ఏం కావాలి? నా రేటింగ్ పదికి పది.

సరే, ఖాళీ కుర్చీ ఉంటే చాలా అంటే, చాలదు. అదే నెలలో మయామీ మార్లిన్స్ టిమ్ ఆండర్సన్‌ని 5 మిలియన్లకు తెచ్చుకుంది. అక్కడా షార్ట్‌స్టాప్ స్థానం ఇతని కోసమే ఉంచారు. 2019లో .335 కొట్టి అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మనిషి, మన వేలాల్లో ప్రొఫార్ కంటే ఈ పేరే ఎక్కువ వినబడింది. అయితే 2023లో 123 మ్యాచ్‌లాడి ఒక్కటే హోమ్ రన్. కొట్టిన బంతి కొట్టినట్టు నేల మీదే దొర్లింది. ఇది దురదృష్టం కాదండీ, బ్యాట్‌లో పస తగ్గిన గుర్తు. మయామీలో 65 మ్యాచ్‌లు, .214 యావరేజ్, హోమ్ రన్లు సున్నా, జులైలో ఇంటికి. పదికి ఒకటి, అదీ మొహమాటానికి.

ఇప్పుడు క్లోజర్ల సంగతి, అంటే చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చిన్న ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్లు. అలా కాపాడితే ఒక సేవ్. నాకు బాగా ఇష్టమైన కేసు టెక్సస్ రేంజర్స్‌ది. ఆ శీతాకాలంలో ఇద్దరు పాతకాపుల్ని తెచ్చారు. డేవిడ్ రాబర్ట్‌సన్‌కి 11.5 మిలియన్లు, కర్బీ యేట్స్‌కి 4.5 మిలియన్లు. ఎక్కువ డబ్బు ఎవరికిస్తే వాళ్లదే తొమ్మిదో ఇన్నింగ్స్ అనుకుని మనవాళ్లు రాబర్ట్‌సన్ మీద పడ్డారు. సీజన్ మొదట్లో క్లోజర్ అసలు ఈ ఇద్దరూ కాదు, హోసే లెక్లర్క్. అతను తడబడ్డాడు, ఏప్రిల్‌లోనే పని చేతులు మారింది. వెళ్లింది యేట్స్ చేతికి. 33 సేవ్స్, 1.17 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన రన్ల సగటు, తక్కువైతే మేలు), 37 ఏళ్ల వయసులో! రాబర్ట్‌సన్ కూడా బాగానే వేశాడు, కానీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో. ఫాంటసీలో ఎనిమిదో ఇన్నింగ్స్‌కి సేవ్ ఇవ్వరు కదా.

మార్చిలో దీన్ని పసిగట్టడం కష్టం, ఒప్పుకుంటాను. అందుకే క్లోజర్ల విషయంలో నా పద్ధతి వేరు. వేలంలో రెండో వరస రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) మీద ఒక్క డాలర్ కంటే పెట్టను. సీజన్ మొదలయ్యాక మూడు వారాలు బాక్స్ స్కోర్లు చూస్తాను. రెండు రన్ల ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్ వస్తే మేనేజర్ ఎవర్ని పిలుస్తున్నాడు? ఒకే మనిషిని రెండుసార్లు పిలిచాడంటే, వారం చివరి సీక్రెట్ బిడ్‌లో వంద డాలర్ల ఫాబ్ (సీజన్ మధ్యలో ఆటగాళ్లని కొనే బడ్జెట్) నుంచి పదిహేను దాకా తీస్తాను. మరో రెండు సేవ్స్ పడ్డాయో, ముప్ఫై పెట్టినా దొరకడు.

ల్యూక్ వీవర్‌ని యాంకీస్ 2 మిలియన్లకు తీసుకున్నదీ ఇదే కథ, కాకపోతే ఆలస్యంగా. ఆ సీజన్‌లో మొత్తం 13 సేవ్స్ పోగొట్టిన క్లే హోమ్స్ నుంచి, సెప్టెంబరులో ఆ పని వీవర్‌కొచ్చింది. వీవర్‌వి మొత్తం సేవ్స్ నాలుగే. కానీ 84 ఇన్నింగ్స్‌లో 103 స్ట్రైకౌట్లు. ఏడాది పొడవునా ఉంచుకున్నవాళ్లకి గిట్టుబాటే. పదికి ఏడు.

స్టార్టింగ్ పిచ్చర్ల విషయంలో నేను ఇంకో సీజన్‌కి వెళ్తాను, ఎందుకంటే రాబీ రే కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. 2020లో ఈఆర్‌ఏ 6.62. 51.2 ఇన్నింగ్స్‌లో 45 వాక్స్, అంటే దాదాపు ఇన్నింగ్స్‌కొకటి. టొరంటో బ్లూ జేస్ 8 మిలియన్లకు ఏడాది ఒప్పందం ఇచ్చింది. పైగా 2021 సీజన్ ముందు బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగుతూ పడి మోచేతికి దెబ్బ తగిలించుకున్నాడు. ఇంతకంటే టెన్షన్ పెట్టే కొనుగోలు ఉంటుందా? ఆ ఏడాది 193.1 ఇన్నింగ్స్, 248 స్ట్రైకౌట్లు, వాక్స్ 52 మాత్రమే. లీగులో మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కూడా తనకే. బంతిలో దమ్ము ముందు నుంచీ ఉంది, మారింది ఆ ఒక్క వాక్స్ లెక్కే. కాబట్టి చవక పిచ్చర్‌ని తీసుకున్నాక మొదటి నెల ఈఆర్‌ఏ చూసి గాభరా పడకండి, వాక్స్ చూడండి. అవి తగ్గకపోతే మే నెల వచ్చేలోపు వదిలేయండి, జాలి వద్దు.

స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లు) నంబర్ల గురించి అడుగుతారు. నేను చూడను, అంతే.

ఇక మీ వంతు. ఈ ఏడాది మీరు కన్నేసిన చవక ఆటగాడి పేరు కామెంట్‌లో పెట్టండి. పేరొక్కటే కాదు, మీ లీగులో ఎంతమంది, లెక్కించేది బ్యాటింగ్ యావరేజా, ఆన్ బేస్ పర్సెంటేజా (వాక్స్ కూడా కలిపి బేస్ చేరిన లెక్క) అన్నది కూడా రాయండి. ప్రొఫార్‌కి ఆ ఏడాది ఆన్ బేస్ .380. ఆన్ బేస్ లెక్కించే లీగుల్లో అతని విలువ ఇంకో మెట్టు పైనే. మీ లీగు లెక్క తెలియకుండా నేను అవునన్నా కాదన్నా ఉపయోగం లేదు.