తొమ్మిది టిక్కులు, ఒక టీ గ్లాసు

(విజయవాడలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక పాత పుస్తకాల వ్యాపారి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం.

నాకు ప్రసంగాలు రావని లైబ్రేరియన్ గారికి ముందే చెప్పాను. "ముప్పై ఏళ్లుగా లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్ముతున్నారు కదా, ఆ సంగతులే చెప్పండి" అన్నారు. ఈ వారం ఇక్కడ మాట్లాడినవాళ్లు పుస్తకాలు రాసినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు. నేను పుస్తకాలను కిలోల లెక్కన కొనేవాణ్ణి. మాటల్లో తూకం తేడా వస్తే మీరే సర్దుకోవాలి.

పాత పుస్తకాల కొట్లో ఒక సుఖం ఉంది. పుస్తకంతో పాటు దాన్ని చదివిన మనిషి కూడా కొంత మన చేతికొస్తాడు. ఆర్టీసీ టికెట్టు, నెమలీక, మందుల చీటీ. ఒకసారి ఇంటర్ హాల్ టికెట్టే వచ్చింది. పరీక్షలు అయిపోయాకే అమ్మారని అనుకుంటున్నాను. వ్యక్తిత్వ వికాసం పుస్తకం వస్తే మాత్రం నేను అట్ట చూడను, లోపలి గీతలు చూస్తాను. మొదటి అధ్యాయం నిండా పసుపుపచ్చ హైలైటర్. రెండో దాంట్లో పెన్సిలు. మూడో దాంట్లో ఎక్కడో ఒక గీత. నలభయ్యో పేజీ దాటిందంటే పుస్తకం కొత్తదే. అందుకే వాటికి రేటు బాగా పలుకుతుంది! ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరన్నారో కానీ, నా కొట్టుకొచ్చే ఇంగ్లీషు పుస్తకాల్లోనూ గీతలు ఆ నలభై దగ్గరే ఆగుతాయి.

ఇదిగో, ఈ పుస్తకం చూడండి. పేరు చెప్పను. లోపలి అట్ట మీద నీలం ఇంకుతో ఇలా రాసి ఉంది: "1-1-2012 నుంచి రోజూ ఉదయం 4.30కి లేవాలి. 21 రోజులు. తప్పితే నా మీద ఒట్టు." దాని కింద 1 నుంచి 21 దాకా అంకెలు. 9 వరకు టిక్కులున్నాయి. తొమ్మిదో టిక్కు కొంచెం వంకరగా, నిద్రమత్తులో పెట్టినట్టు ఉంది. పది పక్కన ఏమీ లేదు. పదకొండు పక్కనా లేదు. ఆ తర్వాత ఒక్క గీత లేదు.

ఎవరో నాకు తెలియదు. జనవరి పదో తారీఖు కదా, పండక్కి ఊరెళ్లి ఉండొచ్చు. అక్కడ అమ్మమ్మ "పొద్దున్నే ఏం కొంపలు మునిగాయి, పడుకోనివ్వండి" అని ఉండొచ్చు. ఈ పేజీ చూసినప్పుడల్లా నాకు ఆ మనిషి మీద కంటే ఆ 21 మీద కోపం వస్తుంది. ఇంతకీ ఆ అంకె ఎక్కడిది?

మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముక్కూ మొహం సరిచేయించుకున్నవాళ్లకు అద్దంలో కనిపించే కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో తన పుస్తకంలో రాశాడు. ఆయన చూసింది తన దగ్గరికొచ్చిన పేషెంట్లను. తెల్లవారుజామున లేవడాన్ని కాదు. తర్వాత ఒకళ్ల పుస్తకంలోంచి ఇంకొకళ్లు ఎత్తి రాసుకుంటూ పోయేసరికి ముక్కూ పోయింది, "కనీసం" అనే మాటా పోయింది, 21 మిగిలింది.

అలవాటు నిజంగా ఎన్నాళ్లకు కుదురుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు చూశారు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, మరికొందరు కలిసి 96 మందిని 12 వారాలు గమనించారు. భోజనంతో ఒక పండు తినడం, సాయంత్రం కాసేపు పరిగెత్తడం లాంటి ఒక చిన్న పని ఎవరికి వాళ్లే ఎంచుకుని రోజూ చేయాలి. ఆలోచించకుండా, దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలు. 12 వారాల్లో కుదరనివాళ్లకు లెక్కగట్టి చూస్తే 254 దాకా వెళ్లింది. నాకు నచ్చిన ముక్క ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు మానేసినా అలవాటు చెడిపోలేదట. పదో తారీఖున నిద్రపోయిన ఆ మనిషికి ఇది తెలిసుంటే పదకొండున లేచేదేమో, లేచేవాడేమో.

మోటివేషన్ పుస్తకాలను తిట్టడానికి వచ్చాననుకోకండి. వాటి మీదే నా ఇంటి అద్దె కట్టాను. పైగా వాటికి, సైన్సు పుస్తకాలకు ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1859లో లండన్‌లో జాన్ మర్రే అనే ఒకే ప్రచురణకర్త రెండు పుస్తకాలు వేశాడు. ఒకటి డార్విన్ జాతుల పుట్టుక మీద రాసింది. రెండోది శామ్యూల్ స్మైల్స్ అనే డాక్టరు రాసిన "సెల్ఫ్ హెల్ప్". ఈ రకం పుస్తకాలన్నిటికీ ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. అమ్మకాల్లో డార్విన్‌ని స్మైల్స్ దాటేశాడు. కొట్టువాణ్ణి కదా, ఆ సంగతి నాకేం ఆశ్చర్యం కాదు. అయితే స్మైల్స్ పుస్తకంలో "ఐదు మెట్లు, ఏడు సూత్రాలు" ఉండవు. రైలింజన్లు కట్టినవాళ్లు, కుండలు చేసినవాళ్లు ఎలా పనిచేశారో ఆ జీవితాలు ఉంటాయి. పాలిసీ అనే కుమ్మరి ఆవం ఆరిపోకుండా ఇంట్లో కుర్చీలు, బల్లలు విరిచి మంటలో వేసిన కథ అందులోదే.

అంత దూరం ఎందుకు, మన పెనుగంచిప్రోలు ఉంది. తిరుపతమ్మ తిరునాళ్లకు ఏటా వెళ్లేవాళ్లు ఇక్కడ సగం మంది ఉంటారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1877లో పుట్టింది ఆ ఊళ్లోనే. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన వాళ్లలో ముఖ్యుడు ఆయనే. ఆ మండలి వేసిన మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాశారు. ఆ వెనకే పదార్థ విజ్ఞానం, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం వచ్చాయి. కట్టెలు కొట్టి పైకొచ్చిన మనిషి కథ ముందు, ప్రపంచం ఎలా నడుస్తుందో ఆ తర్వాత. రెండూ ఒకే అరలో పెట్టారు పెద్దలు. వేరు చేసింది మనం. మోటివేషన్‌ని గల్లాపెట్టె పక్కన పెట్టాం, సైన్సుని పై అరలోకి ఎక్కించి దుమ్ము పట్టించాం. మనం అంటే నేను కూడా.

నాకొకసారి బాగా తగిలింది. కొన్నేళ్ల కిందట ఆదివారం పూట ఒక హోటల్ హాల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసుకు 500 కట్టి వెళ్లాను. అప్పుడు వ్యాపారం బాగా డల్‌గా ఉంది. ఆ సారు అందరినీ లేపి, నడుం మీద చేతులు పెట్టించి, ఛాతీ విరుచుకుని రెండు నిమిషాలు నిలబడమన్నాడు. అలా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారతాయనీ, ధైర్యం వస్తుందనీ, అమెరికాలో సైంటిస్టులు తేల్చారనీ చెప్పాడు. నిలబడ్డాను. నడుం నొప్పి వచ్చింది. మర్నాడు కొట్టు తెరిస్తే గిరాకీ మామూలే.

ఆ తర్వాత నా కొట్టుకొచ్చిన ఒక సైన్సు పత్రికలో మిగతా కథ చదివాను. 2010లో ఆ ప్రయోగం చేసింది 42 మంది మీద. 2015లో వేరేవాళ్లు 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో మార్పు కనబడలేదు. 2016లో, మొదటి పరిశోధన చేసినవాళ్లలో ఒకావిడ, డానా కార్నీ, ఆ ప్రభావం నిజమని ఇక తాను నమ్మడం లేదని బాహాటంగా రాసి పెట్టింది. నా 500 పోయినా ఆవిడ మీద గౌరవం కలిగింది. తనకు పేరు తెచ్చిన పనిని తనే తప్పని చెప్పడం మాటలా? ఆ హోటల్ హాల్ సారు మాత్రం ఇప్పటికీ జనాన్ని నడుం మీద చేతులతో నిలబెడుతున్నాడని విన్నాను.

ఆ రోజు నుంచి నాకొక అలవాటయింది. "పరిశోధనల్లో తేలింది" అని ఏ పుస్తకంలో కనిపించినా ఎంతమంది మీద, ఎవరు, మళ్లీ ఎవరైనా చేసి చూశారా అని వెతుకుతాను. చాలా పుస్తకాలు అక్కడే తడబడతాయి. కొన్ని నిలుస్తాయి. నిలిచినదొకటి చెప్తాను, వెనక వరస పిల్లలకు పనికొస్తుంది. 2006లో రోడిగర్, కార్పిక్ అని ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చదివినవాళ్లకు 42 శాతమే మిగిలింది, మూసి రాసినవాళ్లకు 56. మళ్లీ మళ్లీ చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది. ఆ "వచ్చేసినట్టు" ఉండటమే మోసం. డీఎస్సీకి చదివే ఒకావిడ నా దగ్గర పుస్తకాలు కొనేది. ఆవిడకిది చెబితే నవ్వింది. "మా నాన్న చిన్నప్పుడు పుస్తకం లాక్కుని అప్పజెప్పమనేవాడండీ, అదేగా" అంది. అదే.

ఇప్పుడు టీ గ్లాసు కథ.

ఇంటర్ ఎంపీసీ కుర్రాడొకడు హాస్టల్ నుంచి ఆదివారం ఔటింగ్‌కి వచ్చి నా దగ్గర మోటివేషన్ పుస్తకం కొనేవాడు. చదివి తెచ్చిస్తే సగం ధరకు తీసుకోవడం మా కొట్లో పద్ధతి. ఒకటి తెచ్చిచ్చాడు, రెండోది కొన్నాడు. అదీ తెచ్చిచ్చాడు, మూడోది కొన్నాడు. నాలుగోసారి వచ్చి "అంకుల్, ఇంకా పవర్‌ఫుల్‌గా ఏదైనా ఉందా?" అన్నాడు. పారాసెటమాల్ 500 పనిచేయలేదు, 650 ఇవ్వండి అన్నట్టు. మొహం చూస్తే నిద్రలేదు. చదువు ఎలా ఉందంటే "టెన్షన్ అంకుల్" అన్నాడు.

పక్క బండి మీద నుంచి టీ వచ్చింది. తాగేశాక గ్లాసు అడుగున కాస్త టీ, నలకలు మిగిలాయి. అందులో నీళ్లు పోసి, పెన్ను రిఫిల్‌తో గిరగిరా తిప్పి బల్ల మీద పెట్టాను. "చూడు నాన్నా, తిప్పితే బరువున్నవి అంచుకు పోవాలి కదా. వాషింగ్ మెషిన్‌లో బట్టలు అంచుకే అంటుకుంటాయి. మరి ఇవేంటి, మధ్యలో కుప్ప పడ్డాయి?" అన్నాను.

వాడు ఎమ్‌వీ స్క్వేర్ బై ఆర్ అన్నాడు. గుండ్రంగా తిరిగేవాటి ఫార్ములా, తప్పు లేకుండా చెప్పాడు. తర్వాత గ్లాసు వైపు చూశాడు. రిఫిల్ నా చేతిలోంచి తీసుకున్నాడు. మెల్లగా తిప్పాడు, జోరుగా తిప్పాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నలకలు ప్రతిసారీ మధ్యలోకే వచ్చి కూర్చుంటున్నాయి. ఎవరో వచ్చి గైడు అడిగితే ఇచ్చి పంపాను. తిరిగి చూస్తే వాడు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు గ్లాసు అంచు ఎత్తుకు తెచ్చి, పక్క నుంచి చూస్తున్నాడు. "అంకుల్, అడుగున నీళ్లు స్లోగా తిరుగుతున్నాయి!" అన్నాడు.

అదే కీలకం. నీళ్లు తిరిగేటప్పుడు బయటికి తోసుకుపోవాలని చూస్తాయి. అందుకే గ్లాసు అంచు దగ్గర ఒత్తిడి ఎక్కువ, మధ్యలో తక్కువ. పైన నీళ్లు జోరుగా తిరుగుతాయి కాబట్టి ఆ ఒత్తిడికి తట్టుకుని అక్కడే ఉంటాయి. అడుగున గ్లాసుకు రాసుకుని జోరు తగ్గుతుంది. తగ్గేసరికి ఒత్తిడి వాటిని మధ్యలోకి నెట్టేస్తుంది. అవి నలకల్ని ఈడ్చుకొచ్చి మధ్యలో వదిలి, అక్కడి నుంచి పైకి లేస్తాయి. ఇది 1926లో ఐన్‌స్టీన్ రాసిన సంగతి. ఆయనకు టీ మీద ధ్యాస కాదు, నదుల మీద. నది వంపు తిరిగే చోటా ఇదే జరుగుతుంది. పైనున్న జోరు నీళ్లు వంపు బయటి గట్టును కోస్తాయి, అడుగు నీళ్లు ఇసుకను లోపలి గట్టుకు చేరుస్తాయి. వంపు ఇంకా ఇంకా పెరుగుతుంది. "అంటే కృష్ణలో కూడానా?" అన్నాడు వాడు. వంపు తిరిగే ఏ ఏరైనా అంతే అన్నాను.

దాదాపు అరగంట గడిచింది. ఆ అరగంటలో వాడు ర్యాంకు మాట ఎత్తలేదు, ఫోన్ తీయలేదు. నాకు అప్పుడు తట్టింది. మోటివేషన్ పుస్తకం పేజీ పేజీకీ "నువ్వు, నువ్వు" అంటుంది. నీ లక్ష్యం, నీ బలం, నీ బద్ధకం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు పొద్దస్తమానం తన గురించి తనే ఆలోచిస్తే టెన్షన్ కాక ఏమొస్తుంది? గ్లాసులో నలకలు వాణ్ణి కాసేపు వాడి నుంచి తప్పించాయి. పనిలోకి దిగడానికి అదొక దారి.

ఆ రోజు పై అరలోంచి ఒక ఫిజిక్స్ పుస్తకం దింపి, దుమ్ము దులిపి 60 రూపాయలకిచ్చాను. ముందు కొన్న మూడూ సగం ధరకు వెనక్కొచ్చాయి. ఇది రాలేదు. ర్యాంకు వచ్చిందా అని అడక్కండి, నాకు తెలియదు. తెలిసినా చెప్పను. చెబితే ఇది కూడా ఆ మోటివేషన్ పుస్తకాల్లో కథలా అయిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు తిండి మానేసి, నిద్రపోక, మాట్లాడటం తగ్గించేస్తే నా దగ్గరికి పుస్తకం కోసం రాకండి. ఏ పుస్తకమూ ఆ పని చేయదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416 అని మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరుంది, ఫోన్ చేస్తే మాట్లాడతారు.

టైమ్ అయిందని లైబ్రేరియన్ గారు వాచీ చూస్తున్నారు. టిక్కుల పుస్తకాన్ని ఇన్నాళ్లూ అమ్మలేదు, అడిగినవాళ్లకు లేదనే చెప్పాను. ఇక్కడ బల్ల మీద పెట్టి వెళ్తున్నాను. వెళ్లేటప్పుడు లోపలి అట్ట తెరిచి చూడండి. ఆ చేతిరాత మీదైతే తీసుకెళ్లండి, డబ్బులక్కర్లేదు. పది పక్కన ఖాళీ అలాగే ఉంది, పెన్ను కూడా పక్కనే పెడుతున్నాను.