జోగ్ జలపాతం: ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు ఆగాలి

నమస్తే అండి. నా వెనక మీకు కనిపిస్తున్నదంతా పొగమంచే. ఆ మంచు వెనకాల శరావతి నది 830 అడుగుల ఎత్తు నుంచి కిందికి దూకుతోంది. చప్పుడు వినిపిస్తోంది కదా? కంటికి మాత్రం ఏమీ ఆనడం లేదు. ఇది కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా, సాగర తాలూకా, జోగ్. ఉదయం ఏడున్నర నుంచి నేనూ మా అమ్మా ఇక్కడే రెయిన్‌కోట్లు వేసుకుని నిలబడి ఉన్నాం. మంచు తొలగేలోపు మీకు కొన్ని సంగతులు చెప్తాను.

మేం ఇక్కడికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి ఏప్రిల్‌లో వచ్చాం. టూర్ బుక్ చేసినాయన "ఎప్పుడెళ్లినా నీళ్లుంటాయండి" అన్నాడు, నమ్మాను. వచ్చి చూస్తే అంత పెద్ద రాతిగోడ మీద సన్నగా రెండు నీటి చారలు, అంతే. అమ్మ చాలాసేపు చూసి, "పోనీలే, కొండ బాగుంది కదా" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. అందుకే ఈసారి అన్నీ తెలుసుకుని, ఆగస్టులో తీసుకొచ్చాను.

జోగ్‌లో నీళ్లు ఎన్ని ఉంటాయన్నది వాన ఒక్కటే తేల్చదు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల ఎగువన లింగనమక్కి డ్యామ్ ఉంది, 1964లో కట్టారు. అక్కడ ఆపిన నీళ్లలో చాలా భాగం కాలువ గుండా తలకళలె రిజర్వాయర్‌కు వెళ్లి, అక్కణ్ణుంచి గొట్టాల్లో దిగి శరావతి విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు తిప్పుతుంది. ఆ కేంద్రం సామర్థ్యం 1035 మెగావాట్లు. అంటే ఆ నీళ్లు జలపాతం మీదికి రాకుండానే లోయలోకి దిగిపోతాయి. మనం చూసేది డ్యామ్‌కు దిగువన కురిసిన వాన నీళ్లు. డ్యామ్ నిండి గేట్లు ఎత్తితే వాటికి ఆ వరద తోడవుతుంది. ప్రతి ఏడూ గేట్లు ఎత్తుతారన్న నమ్మకం లేదు.

దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కర్ణాటకలో ఎన్నో ఇళ్లలో దీపాలు ఈ నీళ్లతోనే వెలిగాయి. లింగనమక్కి డ్యామ్ నీళ్లలో ఊళ్లకు ఊళ్లే మునిగాయి, పొలాలూ గుళ్లూ వదిలేసి జనం వెళ్లిపోయారు. ఇక్కడ నిలబడినప్పుడు వాళ్లను కూడా ఒకసారి తలుచుకోవాలనిపిస్తుంది నాకు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. జులై నుంచి సెప్టెంబర్ లోపు రండి. బయల్దేరే ముందు లింగనమక్కి నీటిమట్టం ఎంతుందో వార్తల్లో చూడండి. పూర్తి మట్టం 1819 అడుగులు. దానికి దగ్గర పడిందంటే గేట్లు ఎత్తే అవకాశం ఉన్నట్టే.

ఇక్కడ నాలుగు ధారలు. ఎడమ నుంచి రాజా, రోరర్, రాకెట్, రాణి. రాజా అడ్డం లేకుండా నిటారుగా పడుతుంది. రోరర్ మధ్యలో రాతి గుంటలో పడి, హోరుమంటూ పక్కకు తిరుగుతుంది. రాకెట్ చిమ్మినట్టు ముందుకు దూసుకొస్తుంది. రాణి మాత్రం రాతిని అంటిపెట్టుకుని నురగలా జారుతుంది, నాకు అన్నిటికన్నా ఇష్టం అదే. ఒక మాట: గేట్లు బాగా ఎత్తితే నాలుగూ కలిసిపోయి ఒకే తెల్లటి గోడలా ఉంటాయి. ఏది ఏదో విడివిడిగా చూడాలంటే మామూలు వానాకాలపు రోజే మంచిది.

హైదరాబాద్ నుంచైనా, అనంతపురం నుంచైనా బెంగళూరు చేరితే చాలు. అక్కణ్ణుంచి తాళగుప్పకు రాత్రి రైలుంది, తెల్లారేసరికి దిగుతాం. స్టేషన్ నుంచి జోగ్‌కు సుమారు పదిహేను కిలోమీటర్లు. కిందికి దాదాపు 1400 మెట్లున్నాయి కానీ, వానల్లో జారుతాయని మూసేస్తుంటారు. మూసి ఉంటే దయచేసి కంచె దాటకండి. ఫొటో కోసం ఆ తడిరాళ్ల మీదికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, టైమ్. చాలామంది బస్సు దిగుతారు, మంచు చూస్తారు, "ఏమీ కనబడట్లేదు" అని అరగంటలో వెళ్లిపోతారు. పొద్దున్నుంచి మా కళ్ల ముందే మూడు బస్సులు అలా వెళ్లాయి. ఇక్కడ ఒక రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకోండి. మంచు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నీర్ దోసె తినండి, వేడిగా కాఫీ తాగండి, కూర్చోండి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మే మూడు గంటలుగా ఓపిగ్గా కూర్చుంది.

రాముడు బాణం వేస్తే ఈ నది పుట్టిందట, తీర్థహళ్లి దగ్గర అంబుతీర్థంలో. శరం నుంచి శరావతి. టీ కొట్టు ఆయన కన్నడంలో చెప్తుంటే అమ్మ తెలుగులో ప్రశ్నలడుగుతోంది, ఇద్దరికీ అర్థమవుతోంది…

ఆగండి, ఆగండి. గాలి మళ్లింది. అమ్మా, ఇటు రా, ఇటు! రాణి కనిపిస్తోంది. అదిగో రాకెట్… రాజా కూడా!

ఇక నేను మాట్లాడను. ఇక్కణ్ణుంచి నాలుగు నిమిషాలు, మ్యూజిక్ లేకుండా, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మధ్యలో వినబడే నవ్వు అమ్మది.