ఎండాకాలం కరివేపాకు మొక్క మీద ఎవరెవరు ఉంటారు?

నమస్కారం అండీ. ఏప్రిల్, మే నెలల్లో పిట్టల్నీ పురుగుల్నీ చూడ్డానికి కేబీఆర్ పార్కు దాకా పోనక్కర్లేదు. మేడ మీద కుండీలో ఒక కరివేపాకు మొక్క, పక్కన నీళ్ల మూకుడు ఉంటే చాలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు చూడండి. తొమ్మిది దాటితే హైదరాబాద్ ఎండకు పిట్టలూ ఉండవు, మనమూ నిలబడలేం.

ముందు లేత చిగుళ్లు వెతకండి. ఆవగింజంత లేత పసుపు సీతాకోకచిలుక గుడ్లు విడివిడిగా కనిపిస్తాయి. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికొస్తుంది. చూస్తే అచ్చం పిట్ట రెట్టే! చాలామంది అక్కడే మోసపోయి నీళ్లు కొట్టి కడిగేస్తారు. చివరిసారి కుబుసం విడిచాక ఒళ్లంతా ఆకుపచ్చగా మారిపోతుంది. చీపురుపుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు లేస్తాయి, ఘాటు వాసన వస్తుంది. చీమల్ని తరిమే ఆయుధం అది. ఒక్కసారి చూశాక వదిలేయండి, ఊరికే ఏడిపించకండి.

ఇవి మామూలుగా రెండు జాతులవి. పెద్దయ్యాక వెనక రెక్కలకు తోకలుంటే కామన్ మార్మన్. తోకల్లేకుండా నల్లరెక్కల మీద పసుపు మచ్చలుంటే లైమ్ బటర్‌ఫ్లై. మార్మన్ ఆడవాటిలో కొన్ని ఎర్రమచ్చలతో కామన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుక వేషం వేస్తాయి. ఆ రోజ్ చిన్నప్పుడు ఈశ్వరి తీగ తిని పెరుగుతుంది, ఆ తీగ విషం దాని ఒంట్లోనే ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. మార్మన్‌కు విషం లేదు, వేషంతోనే నెట్టుకొస్తుంది. గడుసుది!

అడుగు ఎత్తు మొక్కకు నాలుగు పురుగులు పడితే మాత్రం చివరికి ఈనెలే మిగులుతాయి. అలాగని వేళ్లతో పీకితే దాని ఒళ్లు చిరుగుతుంది, కాళ్ల పట్టు అంత గట్టిది. ఉన్న రెమ్మతో సహా కత్తిరించి నిమ్మ మొక్కకో మారేడుకో కట్టండి, ఆ ఆకూ తింటుంది. వేపనూనె కూడా కొట్టొద్దు. సేంద్రియమే అయినా గొంగళిపురుగును వదలదు.

మందు కొడితే దెబ్బ తేనెపిట్టకూ తగులుతుంది. పేరుకు తేనె తాగేదే అయినా, కూనలకు పెట్టేది సాలీళ్లు, చిన్న పురుగులు. దాని గూడు తీగకు వేలాడే చెత్తముద్దలా ఉంటుంది, బూజనుకుని దులిపేయకండి. మీరు నిలబడి చూస్తున్నప్పుడు తల్లి గూటికి రాకుండా పక్క కొమ్మ మీదే అరుస్తోందంటే, మీరు మరీ దగ్గరున్నట్టు. వెనక్కి జరగండి.

ఇక నీళ్లు. మట్టి మూకుడే మంచిది, స్టీలు పళ్లెం ఎండకు కాలిపోతుంది. లోతు రెండు అంగుళాలు మించొద్దు. తేనెటీగలు వాలడానికి నీటిపైకి తేలేలా రెండు గులకరాళ్లు వేయండి. పిల్లి నక్కే పొదల పక్కన కాకుండా, నీడలో, నాలుగు వైపులా కనిపించే చోట పెట్టండి. రోజూ పారబోసి కొబ్బరిపీచుతో రుద్దాలి. వారం వదిలేస్తే దోమలు పుడతాయి. సబ్బు మాత్రం వాడకండి.