మీ తర్వాత మీ కుక్కను ఎవరు చూసుకుంటారు? పెంపుడు జంతువుల కోసం ట్రస్టు రాసే పద్ధతి

నమస్కారం అండి. ఇంట్లో కుక్కో పిల్లో చిలుకో ఉన్నవాళ్లని, అందులోనూ ఒంటరిగా ఉండేవాళ్లని వెంటాడే ప్రశ్న ఒకటుంది. "నాకేమన్నా అయితే దీని గతేంటి? దీని పేర కొంత డబ్బు రాసిపెట్టొచ్చా?" ఈ వీడియోలో దాని గురించే వివరంగా మాట్లాడుకుందాం.

దాని పేర నేరుగా రాయలేరు. దాదాపు ఏ దేశంలోనైనా చట్టం దృష్టిలో పెంపుడు జంతువు ఒక ఆస్తి. ఆస్తికి ఆస్తి రాయడం కుదరదు. అది సంతకం పెట్టలేదు, రసీదు ఇవ్వలేదు, తన డబ్బు ఎవరైనా తినేస్తే కోర్టుకెళ్లి అడగలేదు. "నా కుక్కకి ఇంత మొత్తం" అని వీలునామాలో రాస్తే ఆ వాక్యం చెల్లకుండా పోయి, ఆ డబ్బు మిగతా ఆస్తిలో కలిసిపోతుంది.

సరే, నమ్మకమైన మనిషి పేర రాసి "నా కుక్కని బాగా చూసుకుంటారని ఆశిస్తున్నాను" అని ఒక మాట చేరిస్తే? చాలామంది చేసేది ఇదే, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. ఆశిస్తున్నాను, కోరుకుంటున్నాను, నమ్ముతున్నాను అనే మాటలకు చట్టంలో బలం లేదు. ట్రస్టు అంటే ఒకరి చేతికి ఆస్తి ఇచ్చి, దాన్ని ఫలానా పనికే వాడాలని బాధ్యత పెట్టే ఏర్పాటు. అది నిలబడాలంటే మూడు విషయాలు స్పష్టంగా ఉండాలని 1840లో ఇంగ్లండులో నైట్ వర్సెస్ నైట్ కేసులో చెప్పారు: బాధ్యత పెడుతున్నామన్న ఉద్దేశం, ఏ ఆస్తి, ఎవరి కోసం. ఇంగ్లండు చట్టం పునాదిగా ఉన్న దేశాల్లో ఈ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. "ఆశిస్తున్నాను" అని రాస్తే మొదటిదే ఎగిరిపోతుంది. ఆ మనిషి డబ్బు తీసుకుని కుక్కని షెల్టర్‌లో వదిలేసినా ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే రాసేటప్పుడు "ఖర్చు పెట్టాలి", "చెల్లించాలి", "అప్పగించాలి" అనే రాయండి. మొహమాటం పడాల్సిన చోటు కాదు ఇది.

చట్టాలు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో చూద్దాం. ఇంగ్లండు కోర్టులు జంతువుల పోషణకు రాసిన డబ్బును ట్రస్టు మనిషి కోసమే ఉండాలన్న నియమానికి ఒక మినహాయింపుగా ఎప్పటినుంచో ఒప్పుకుంటూ వచ్చాయి. 1842లో ఒకాయన తన నల్ల ఆడగుర్రం పోషణకు ఏటా 50 పౌండ్లు రాస్తే కోర్టు సరేనంది. 1889లో మరో కేసులో గుర్రాలకీ వేటకుక్కలకీ ఏటా 750 పౌండ్లు, అవి బతికుంటే 50 ఏళ్ల దాకా ఇవ్వమని రాసినదాన్ని కూడా నిలబెట్టింది. కానీ ఇలాంటి ట్రస్టులు కలకాలం నడవకూడదని కాలపరిమితి నియమం ఒకటుంది. బతికున్న ఒక వ్యక్తి జీవితకాలం, ఆపైన 21 ఏళ్లు, అంతే. ఆ వ్యక్తి మనిషే అయ్యుండాలి, జంతువు ఆయుష్షు లెక్కలోకి రాదని 1932లో ఐర్లండులో వేటకుక్కల కేసులో తేల్చారు. కుక్క ఉన్నవాళ్లకి 21 ఏళ్లు చాలు. చిలుక, తాబేలు ఉన్నవాళ్లకి చాలవు. ఆఫ్రికన్ గ్రే చిలుకలు 40 ఏళ్లు దాటి బతకగలవు. సెయింట్ హెలీనా దీవిలోని జోనథన్ అనే తాబేలు 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. అలాంటివి మీ దగ్గరుంటే లాయరుతో మాట్లాడే మొదటి మాట ఈ కాలపరిమితి గురించే కావాలి.

అమెరికా దీనికోసం విడిగా చట్టాలే చేసింది. రాష్ట్రాలు చూసి తమ చట్టాలు చేసుకోవడానికి 2000లో వచ్చిన నమూనా ట్రస్టు చట్టంలో 408వ సెక్షన్ జంతువుల కోసమే. ట్రస్టు రాసినవాళ్లు బతికుండగా ఉన్న జంతువుల కోసం ట్రస్టు పెట్టొచ్చు, వాటిలో చివరిది చనిపోయేదాకా అది నడుస్తుంది, డబ్బు సరిగ్గా వాడకపోతే అడిగే మనిషిని నియమించొచ్చు. 2016లో మినసోటా కూడా చేరడంతో అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం ఉన్నట్టయింది.

భారతదేశంలో పెంపుడు జంతువుల ట్రస్టు అని విడిగా చట్టం లేదు. 1882 నాటి ట్రస్టుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఆస్తి కలిగి ఉండగలిగినవాళ్లే లబ్ధిదారు కాగలరు. కాబట్టి ఇక్కడ జంతువును చూసుకునే మనిషినే లబ్ధిదారుగా పెట్టి, "ఈ జంతువు నా సంరక్షణలో ఉన్నంతకాలం, ఈ షరతులు పాటించినంతకాలం" అని ముడిపెట్టి రాయిస్తారు. 2024 అక్టోబరులో రతన్ టాటా గారు పోయాక, ఆయన వీలునామాలో పెంపుడు జంతువుల కోసం 12 లక్షల రూపాయల నిధి ఉందని, ఒక్కోదానికి మూడు నెలలకోసారి 30 వేలు ఇచ్చే ఏర్పాటు ఉందని పత్రికలు రాశాయి. ఒకేసారి మొత్తం చేతిలో పెట్టకుండా విడతలుగా ఇవ్వడం గమనించండి. అది చాలా మంచి పద్ధతి.

ఇక అసలు విషయానికొద్దాం. ఈ ఏర్పాట్లు చెడిపోయేది ఎక్కువగా డబ్బు తక్కువై కాదు. డబ్బూ జంతువూ ఒకే చేతిలో ఉండటం వల్ల చెడిపోతాయి. కనీసం ముగ్గురు కావాలి. డబ్బు పట్టుకునే ట్రస్టీ ఒకరు. జంతువుని ఇంట్లో పెట్టుకుని చూసుకునే సంరక్షకుడు ఇంకొకరు. ఈ ఇద్దరూ సరిగ్గా చేస్తున్నారా అని చూసి, లేకపోతే కోర్టుకెళ్లే అధికారమున్న పర్యవేక్షకుడు మూడోవారు. ముగ్గురికీ తలో ప్రత్యామ్నాయం పేరు రాయండి, సంరక్షకుడి విషయంలో ఇద్దరి పేర్లు రాయండి. ఎందుకంటే ఊళ్లు మారతారు, ఇంట్లో బిడ్డకి అలర్జీ వస్తుంది, అద్దె ఇంటివాళ్లు కుక్క వద్దంటారు. అడక్కుండా ఎవరి పేరూ రాయొద్దు. ఒప్పుకున్నాక కూడా ఒక వారం పాటు జంతువుని వాళ్లింట్లో ఉంచి చూడండి. వాళ్లింట్లో ఇంకో కుక్క ఉంటే ఆ వారంలోనే తేలిపోతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇది లాయర్లు కూడా కొన్నిసార్లు వదిలేస్తారు. జంతువు పోయాక మిగిలిన డబ్బు ఎవరికి? "అంత బాగా చూసుకున్నాడు కదా, సంరక్షకుడికే పోనీ" అనిపిస్తుంది. రాయకండి. అలా రాస్తే ఆ కుక్క ఎంత తొందరగా పోతే ఆయనకి అంత లాభం. మనిషి మంచివాడే కావచ్చు, కానీ రోగం ముదిరి ఖరీదైన ఆపరేషన్ చేయించాలా వద్దా అని తేల్చుకునే రోజున ఆ లాభం మనసులో మెదులుతుంది. మిగులును ఏదైనా జంతు సంక్షేమ సంస్థకో, సంరక్షణతో సంబంధం లేని బంధువుకో రాయండి. సంరక్షకుడికి రుణం తీర్చుకోవాలనిపిస్తే నెలనెలా జీతంలా ఇవ్వండి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. జంతువు బతికున్నంతకాలం జీతం వస్తుందంటే, నొప్పితో విలవిల్లాడుతున్న ముసలి కుక్కని కూడా ఏడాదిపాటు ఈడ్చే ప్రమాదముంది. అందుకని కారుణ్య మరణం నిర్ణయం సంరక్షకుడి ఒక్కడి చేతిలో పెట్టకండి. "రోగం నయం కాదని, బాధ తగ్గించలేమని ఇద్దరు పశువైద్యులు రాసిచ్చినప్పుడు" అని షరతు పెట్టండి. జంతువు చనిపోయాక సంరక్షకుడికి రెండు మూడు నెలల జీతం అదనంగా ఇవ్వమని రాస్తే, నిజం చెప్పడానికి అడ్డంకి తగ్గుతుంది.

నిజం దాచడం కూడా జరగొచ్చు. కుక్క పోయిందని చెప్పకుండా, అదే రంగు, అదే జాతి కుక్కని తెచ్చిపెట్టి ఏళ్లతరబడి డబ్బు తీసుకోవచ్చు. దీనికి మందు మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది, రెండు భుజాల ఎముకల మధ్య చర్మం కింద సూదితో ఎక్కిస్తారు, స్కానర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరును ట్రస్టు పత్రంలోనే రాయించండి. చిలుకలకైతే కాలి రింగు నంబరు. వాటితో పాటు మచ్చలు, పాత ఆపరేషన్ గాట్లు కనిపించే ఫోటోలు కూడా జతచేయండి. చిప్ అంటే అది ఎక్కడుందో చూపించే పరికరం అనుకునేవాళ్లున్నారు. కాదు, అది నంబరు మాత్రమే చెబుతుంది.

పర్యవేక్షకుడు ఏం చేయాలో కూడా రాయాలి, లేకపోతే ఫోన్ చేసి "బాగుందా?" "ఆ, బాగుంది" తో సరిపెడతారు. ఏడాదికి రెండుసార్లు, చెప్పకుండా వెళ్లి చూడాలి. చిప్ స్కాన్ చేయించాలి. క్లినిక్‌లో త్రాసు మీద బరువు తూయించాలి. 20 కిలోల కుక్క 18కి వచ్చిందంటే పదో వంతు బరువు పోయినట్టు, కారణం రాతపూర్వకంగా అడగాలి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే పల్చటి కొవ్వు కింద ఎముకలు తగలాలి. చూడగానే పొడుచుకొచ్చినా తప్పే, నొక్కినా దొరకనంత కొవ్వున్నా తప్పే. గోళ్లు, పళ్లు, చెవులు చూడాలి. విడత డబ్బు విడుదల కావాలంటే ఈ నివేదిక ట్రస్టీకి చేరాలని షరతు పెట్టండి.

ఎంత డబ్బు పెట్టాలి? లెక్క తేలిగ్గా ఉండాలని నెలకి ఖర్చు 100 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. నాలుగేళ్ల కుక్క, ఇంకో పదేళ్లు బతుకుతుందనుకుంటే 12,000. ధరలు ఏటా 5 శాతం పెరిగితే అదే ఖర్చు సుమారు 15,100 అవుతుంది. 40 ఏళ్లు బతికే చిలుకకైతే ధరలు పెరక్కపోతే 48,000, 5 శాతం పెరిగితే దాదాపు 1,45,000, మూడింతలు. ఇది చూసి హడలిపోకండి. పన్నులు పోగా ట్రస్టు డబ్బు మీద వచ్చే రాబడి ధరల పెరుగుదలతో సమానంగా ఉంటే మొదటి లెక్కే సరిపోతుంది. కానీ ఆ డబ్బు వడ్డీ రాని ఖాతాలో మూలిగితే మాత్రం ఆ 48,000 సుమారు 22 ఏళ్లకే అయిపోతుంది. దీనికి తోడు ఒక పెద్ద ఆపరేషన్ ఖర్చు, చివరి రెండేళ్ల మందులు, సంరక్షకుడి జీతం, ట్రస్టీ ఫీజు, పన్ను కలపండి. రోజువారీ ఖర్చు సంరక్షకుడికి ఇవ్వండి, వైద్యం బిల్లు మాత్రం ట్రస్టీ నేరుగా క్లినిక్‌కే కట్టాలి.

అతిగా పెట్టినా చిక్కే. అమెరికాలో హోటళ్ల యజమాని లియోనా హెల్మ్‌స్లీ 2007లో చనిపోతూ ట్రబుల్ అనే తన మాల్టీస్ కుక్క కోసం 1 కోటి 20 లక్షల డాలర్ల ట్రస్టు పెట్టింది. 2008లో కోర్టు దాన్ని 20 లక్షలకి తగ్గించింది. పైగా మనవల్లో ఇద్దరికి ఏమీ రాయకుండా కుక్కకి రాయడంతో వీలునామా మీదే గొడవ లేచింది. లెక్క కాగితం మీద చూపించగలిగిన మొత్తమే పెట్టండి. అప్పుడు వారసులు సవాలు చేసినా నిలబడుతుంది.

వీలునామా ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. అది మీరు పోయాకే పనిచేస్తుంది, అప్పుడు కూడా అమలు కావడానికి నెలలు పడుతుంది. కుక్కకి ఆ సాయంత్రమే అన్నం కావాలి. మీరు పక్షవాతంతో ఆసుపత్రిలో మూడు నెలలుంటే వీలునామా అసలు కదలదు. అందుకే వీలైన చోట చిన్న మొత్తంతో ట్రస్టును ఇప్పుడే తెరిచి, మిగతాది వీలునామా ద్వారా అందులో పడేలా రాయండి. ట్రస్టు మొదలవడానికి మీ మరణంతో పాటు "నేను చూసుకోలేని స్థితిలో ఉన్నానని డాక్టరు రాసిచ్చినప్పుడు" అనే షరతు కూడా చేర్చండి. ట్రస్టు స్తోమత లేనివాళ్లకి వేరే దారులున్నాయి. బ్రిటన్‌లో డాగ్స్ ట్రస్ట్ సంస్థ ముందే నమోదు చేసుకున్నవాళ్ల కుక్కల్ని వాళ్ల తర్వాత తీసుకుని కొత్త ఇల్లు వెతికిపెడుతుంది.

ఇక సంరక్షణ పత్రం. ఇది ట్రస్టు పత్రంలో కాకుండా విడిగా ఉండాలి, ఎందుకంటే ఏటా మారుతుంది. తిండి పేరు, పూటకి ఎన్ని గ్రాములు, పడని ఆహారం, మందు మోతాదు. ఇన్సులిన్ తీసుకునే పిల్లి అయితే ఏ గంటలకి, సూది ఎక్కడ, తిననంటే ఏం చేయాలి అనేదాకా. ఉరుముకి ఎక్కడ దాక్కుంటుంది, ఎవరిని చూస్తే కరుస్తుంది కూడా రాయండి, దాచకండి. రెండు జంతువులు కలిసి పెరిగితే విడదీయొద్దని అసలు పత్రంలోనే రాయించండి. అక్కడే ఇంకో మాట: "నా కుక్క ఫలానా" అని పేరు మాత్రమే రాస్తే, అది పోయి మీరు ఇంకోదాన్ని తెచ్చుకున్నాక ఆ కొత్తది బయటే ఉండిపోతుంది. "నా మరణ సమయానికి నా దగ్గరున్న పెంపుడు జంతువులన్నీ" అని చేర్చండి, చిప్ నంబర్ల జాబితా జతపరిచి మార్చుకుంటూ ఉండండి.

చివరిగా కాగితాలు ఎక్కడుండాలి? బ్యాంకు లాకర్లో మాత్రం కాదు. మీరు పోయాక అది తెరిపించడానికే వారాలు పడుతుంది. అసలు పత్రం లాయరు దగ్గరో ట్రస్టీ దగ్గరో ఉంచండి. నకలు, ఇంటి తాళంచెవి, మూడు నెలల ఖర్చు సంరక్షకుడి దగ్గర ఉండాలి. మీ పర్సులో ఒక చిన్న కార్డు పెట్టుకోండి: ఇంట్లో ఇన్ని జంతువులున్నాయి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. సంరక్షకుడి ఫోన్ నంబరు మారినప్పుడల్లా ఆ కార్డు, చిప్ నమోదు రెండూ అదే రోజు మార్చండి.