ఆస్పత్రిలో ఇంజనీర్‌కి ఏం పని?

[తెర మీద: ఐసీయూ మానిటర్. ఈసీజీ గీత సన్నగా వణుకుతోంది.]

ఈ గీత చూడండి. రంపం పళ్లలా ఎలా ఉందో! కంగారు పడకండి, పేషెంట్‌కి ఏమీ కాలేదు. గుండె నుంచి చర్మం మీదికి వచ్చే సిగ్నల్ దాదాపు 1 మిల్లీవోల్టే. గోడలో కరెంటేమో 230 వోల్టులు, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒంటికి అంటించే స్టిక్కర్ (ఎలక్ట్రోడ్) జెల్ ఎండిపోయినా, ఎర్తింగ్ సరిగ్గా లేకపోయినా ఆ ఊపు ఇందులోకి దూరిపోతుంది.

"మిషన్ పాడైంది సార్" అని కంపెనీకి ఫోన్ కొడితే, వాళ్ల మనిషి ఎప్పుడొస్తాడో తెలీదు. వార్డులోనే క్లినికల్ ఇంజనీర్, అంటే ఆస్పత్రి పరికరాలు చూసుకునే ఇంజనీర్ ఉంటే స్క్రూడ్రైవర్ జోలికి పోడు. ముందు పేషెంట్ ఒంటి మీది స్టిక్కర్, తర్వాత కేబుల్, ఆ తర్వాత ప్లగ్గు చూస్తాడు.

[తెర మీద: డీఫిబ్రిలేటర్, పక్కన టెస్టర్]

ఇది ఇంకో రకం చిక్కు. గుండెకి షాక్ ఇచ్చే ఈ మిషన్ ఆన్ అవుతుంది, లైట్లు వెలుగుతాయి. అయినా 200 జౌల్స్ శక్తి పెడితే నిజంగా అంత వస్తోందా? మనిషి ఛాతీకి బదులుగా పెట్టే 50 ఓమ్‌ల టెస్టర్‌లోకి షాక్ వదిలి కొలిస్తేనే తెలుస్తుంది. ఆ కొలత ముందే తీసి ఉంచాలి, ప్రాణం మీదికొచ్చాక కాదు.

ఇదంతా క్లాసులో కూర్చుంటే వచ్చే విద్య కాదు. అందుకే ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ ఆస్పత్రి, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ పెట్టాయి. ఇంజనీరింగ్ ఐఐటీలో, రోగుల మధ్య పని సీఎంసీలో, పరికరాల తయారీ శ్రీచిత్రలో. సీటుకి గేట్ రాయాలి.

శ్రీచిత్ర అంటే చిన్న పేరేం కాదు. సర్జన్ వలియత్తాన్, ఇంజనీర్ భువనేశ్వర్ బృందం అక్కడే దేశీ గుండె కవాటం తయారుచేశారు. ముందు చేసిన మోడళ్లు పనికిరాలేదు. చివరికి ప్లాస్టిక్ డిస్క్‌తో చేసినది 1990 డిసెంబర్‌లో మొదటిసారి రోగికి అమర్చారు.

మన దగ్గర? ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ బీఈ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. పరికరాల తయారీకి విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది.

కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ రాలేదని బయోమెడికల్ బ్రాంచ్ పెట్టుకునేవాళ్లకి నాదొక మాట. ప్లేస్‌మెంట్లు తర్వాత అడగండి. ముందు "ఏ ఆస్పత్రికి పంపిస్తారు, అక్కడ ఎన్ని వారాలు?" అని అడగండి. "ఒకరోజు విజిట్ ఉంటుందమ్మా" అన్నారంటే, ఇంకో కాలేజీ చూసుకోండి.