అరచేతుల గురించి నాలుగు మాటలు

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈరోజుతో శిక్షణ పూర్తిచేసుకున్న మీ అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను చాలా పెద్ద మాటలతో పరిచయం చేశారు. నేను చేసింది ఒకటే పని. ముప్ఫై ఒక్క ఏళ్లు నర్సు ఉద్యోగం, అందులో పందొమ్మిదేళ్లు డ్రెస్సింగ్ గదిలోనే. గాయాలు కడిగాను, కట్లు కట్టాను.

నాకిచ్చిన అంశం ‘హెల్మెట్ ఆవశ్యకత’. క్షమించాలి, దాని గురించి మాట్లాడను. హెల్మెట్ లేకుండా వచ్చినవారు ఎవరైనా ఉంటే బండి ఇక్కడే వదిలి నడిచి వెళ్లండి. ఆ ముక్క అక్కడితో అయిపోయింది. హెల్మెట్ పెట్టుకున్నాక ఇంకా ఏమైనా వేసుకోవాలా, వద్దా అని గుమ్మం దగ్గర తటపటాయిస్తాం చూడండి, నాకు మాట్లాడాలని ఉన్నది దాని గురించి.

ముందుగా ఒక చిన్న లెక్క. ఈరోజు గ్లవ్స్ వేసుకుని బండి నడుపుతూ వచ్చినవారు చేతులెత్తండి. తొమ్మిది. ఆ వెనక వరుసలో బాబు సగం ఎత్తాడు. ఏమిటి, బ్యాగులో ఉన్నాయా? అయితే దించు నాన్నా. బ్యాగులో ఉన్న గ్లవ్స్ సంగతి చెప్పడానికే నేను వచ్చాను.

మనిషి పడేటప్పుడు ముందు చేతులు చాచుతాడు. ఎవరూ నేర్పరు. నడక సరిగ్గా రాకముందే పిల్లలకు అది వచ్చేస్తుంది. ‘పడితే చేతులు ఆనించను సిస్టర్, భుజం మీద దొర్లుతాను’ అని నాతో వాదించిన కుర్రవాళ్లున్నారు. వాళ్లకూ నేనే కట్లు కట్టాను. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతూ పడితే, పొడి తారు రోడ్డు మీద జారుతూ ఆగడానికి సుమారు పది మీటర్లు పడుతుంది. ఈ వేదిక నుంచి ఆ తలుపు దాకా అనుకోండి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. అంత దూరమూ తారుకూ ఎముకకూ మధ్య ఉండేది రెండు మూడు మిల్లీమీటర్ల చర్మం. జీన్స్ వేసుకున్నాం కదా అంటారు. మామూలు జీన్స్ ఆ రాపిడికి మొదట్లోనే చిరిగిపోతుంది. ఆపైన దాని దారాలు కూడా నేనే గాయంలోంచి ఏరాలి.

డ్రెస్సింగ్ గదిలో ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. చెబుతాను, కాస్త ఓర్చుకోండి. గాయంలో ఇసుక, తారు పొడి దూరి ఉంటాయి. తీయకుండా వదిలేస్తే పైన చర్మం మూసుకుపోయి, లోపల నల్లటి చుక్కలు పచ్చబొట్టులా ఉండిపోతాయి. అందుకని తిమ్మిరి మందు ఇచ్చి, సెలైన్ పోస్తూ, బ్రష్‌తో రుద్దాలి. ఆ మందు అందని చోట్లు ఉంటాయి. అరచేతిలో మరీను. ‘ఊపిరి బిగబట్టకండి, మెల్లగా వదలండి, అయిపోవచ్చింది’ అంటాను. అయిపోవచ్చేది కాదు. పందొమ్మిదేళ్లు ఆ అబద్ధం చెప్పాను.

ఇక మణికట్టు. బొటనవేలి మొదట్లో స్కాఫాయిడ్ అని జీడిపప్పంత ఎముక ఒకటి ఉంది. చెయ్యి చాచి పడితే మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. రక్తం దానికి వేళ్లవైపు కొసనుంచి వస్తుంది. నడిమికి విరిగితే మోచేతివైపు ముక్కకు రక్తం అందకపోవచ్చు. అతుక్కోవడానికి నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి అతుక్కోదు. మొదటి రోజు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మంచి గ్లవ్స్‌లో అరచేతి మడమ దగ్గర గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది అలంకారం అనుకునేరు. చెయ్యి రోడ్డును పట్టుకోకుండా జారిపోవడానికి పెట్టారు.

హెల్మెట్ అదృష్టవంతురాలు, దానికొక డాక్టరు దొరికాడు. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అరబ్బుల తిరుగుబాటుతో పేరొచ్చిన సైనికాధికారి, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు కుర్రవాళ్లను తప్పించబోయి మోటార్‌సైకిల్ మీది నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన 1941లో సైన్యంలో మోటార్‌సైకిల్ నడిపేవారి తలగాయాల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిష్ సైన్యం తన రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అరచేతికి కెయిర్న్స్ దొరకలేదు. ఎలా దొరుకుతాడు? అరచేతి చర్మం ఊడినంత మాత్రాన మనిషి చనిపోడు. కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్తాడు. చావులు లెక్కపెట్టే పట్టికలో అతని పేరు ఉండదు. నా కోపమంతా ఆ పట్టిక మీదే. ప్రాణం దక్కినవాడు మర్నాడు ఉదయం పళ్లు తోముకోవాలి కదా!

సమయం అయిందని చీటీ పంపారు. చూశాను. నా సంగతి చెప్పకుండా దిగితే ఇంతసేపు మాట్లాడిందంతా ఊరికే పోతుంది, ఇంకొంచెంసేపు ఇవ్వండి.

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు. డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నాను. గ్లవ్స్ వేసుకునే బయలుదేరాను. దారిలో ఫోను మోగింది. బండి పక్కకు ఆపాను, గ్లవ్స్‌తో ఫోను పలకదు, తీసి డిక్కీలో పడేశాను. మాట్లాడటం అయింది. మళ్లీ డిక్కీ తెరవాలి, మళ్లీ తొడుక్కోవాలి. ఇంకెంత, రెండు మలుపులు. రెండో మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక. పాతికకు మించి వేగం లేదు. బండి ఒకవైపు, నేనొకవైపు. తలకు ఏమీ కాలేదు, హెల్మెట్ మీద గీత కూడా లేదు. రెండు అరచేతులూ పోయాయి.

ఎక్కడికి తీసుకువెళ్తారు? నా గదికే. అంతవరకు నేను ఆ బల్లకు ఇవతల నిలబడ్డాను, ఆ రోజు అవతల కూర్చున్నాను. నేను పని నేర్పిన అమ్మాయే బ్రష్ పట్టుకుంది. ‘మెల్లగా ఊపిరి వదలండి సిస్టర్, అయిపోవచ్చింది’ అంది. ఆ పిల్లను కొట్టాలనిపించింది. కొట్టడానికి చేతులు లేవు.

ఆరు వారాలు. గుండీ పెట్టుకోలేను, కొళాయి తిప్పలేను, అన్నం కలపలేను. ముప్ఫై ఏళ్ల కాపురంలో మా ఆయన నాకు జడ వేసింది ఆ ఆరు వారాలే. ఎంత వంకరగా వేసేవారో! ఇంకా కొన్ని పనులున్నాయి, అవి ఆయనా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోం. మీకు అర్థమయ్యే ఉంటుంది. గ్లవ్స్ ఆ ఆరు వారాలూ డిక్కీలోనే ఉన్నాయి, మడత నలగకుండా.

‘నెమ్మదిగానే పోతాను కదమ్మా’ అనేవారికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వాటిలో సగం ప్రమాదాల్లో ఢీకొన్నప్పటి వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటలేదు. ఆస్ట్రేలియాలో ప్రమాదానికి గురైన 212 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. రైడింగ్ గ్లవ్స్ ఉన్నవారు ఆసుపత్రిలో చేరాల్సి రావడం 59 శాతం తక్కువ. రైడింగ్ ప్యాంటు ఉన్నవారిలో 51, జాకెట్ ఉన్నవారిలో 21. గ్లవ్స్ వేసుకునే మనిషి మామూలుగానే జాగ్రత్తపరుడేమో, ఆ ఘనతలో కొంత అతని స్వభావానిదేమో అని నాకూ అనిపిస్తుంది. పైగా ఎముకలు విరగడం మీద ఈ దుస్తుల్లో పెట్టే రక్షణ దిమ్మల ప్రభావమేమీ వాళ్లకు కనబడలేదు. కారు వచ్చి గుద్దితే తొడ ఎముకను ఏ ప్యాంటూ కాపాడదు. ప్రమాదాల్లో పరీక్షకు నిలబడ్డ జాకెట్లలో దాదాపు 30 శాతం, గ్లవ్స్‌లో పాతిక శాతానికి పైగా చిరిగో పిగిలో విఫలమయ్యాయని కూడా వాళ్లే రాశారు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

అందుకే అన్నీ కొనుక్కోండి, ఎప్పుడూ అన్నీ వేసుకోండి అని నేను అనను. ఎండలో మందపాటి జాకెట్ వేసుకుని చెమటలు కక్కుతూ, కళ్లు తిరుగుతూ బండి నడిపేవాడు కూడా పడతాడు. అలాగని చొక్కా గుండీలు విప్పుకుని పోతే చల్లగా ఉంటుందనుకోకండి. గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్న రోజున అది సెగే. గాలాడే జాలీ జాకెట్ మేలు. నా వరుస నేను చెబుతాను, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. ముందు గ్లవ్స్. తర్వాత చీలమండ మూసే బూట్లు. ఆ తర్వాత జాకెట్. మోకాళ్లకు చివర. నిజం చెప్పాలంటే మోకాలి గార్డులు నేను దూరప్రయాణాలకే కట్టుకుంటాను. ఈరోజు కట్టుకోలేదు. తప్పే.

జాకెట్ వదులుగా ఉంటే మాత్రం డబ్బు దండగ. బండి మీద కూర్చున్నట్టు చేతులు చాచి, మోచేతి దగ్గరి దిమ్మను రెండో చేత్తో తిప్పి చూడండి. అది పక్కకు తిరిగిపోతే, పడ్డప్పుడూ తిరిగిపోతుంది. గ్లవ్స్‌కు ఇంకా సులువైన పరీక్ష ఉంది. మణికట్టు పట్టీ బిగించాక ఎవరినైనా వేళ్ల కొసలు పట్టుకుని లాగమనండి. ఊడి వస్తే అవి గ్లవ్స్ కావు.

రెండో చీటీ కూడా వచ్చింది. దిగిపోతున్నాను. చేతులెత్తిన తొమ్మిదిమందీ గ్లవ్స్ తొడుక్కుని ఒకసారి మెట్ల దగ్గరికి రండి, నేనే లాగి చూస్తాను. వెనక వరుస బాబూ, బ్యాగు తీసుకుని నువ్వు కూడా.